బొమ్మ చూచి మాట చెప్పే ఆట

పండుగనాడు భోజనాలైన తరువాత మన ఇళ్ళలో ఒక చిక్కు వస్తుంది. పెద్దలు ఆకువక్కల పళ్ళెం ముందు పెట్టుకొని ఊరి సంగతులు మొదలుపెడతారు. పిల్లలు ఒక్కొక్కరే లేచిపోయి, లోపలి గదిలో ఎవరి సెల్‌ఫోను వారు చూచుకొంటూ కూర్చుంటారు. ఒకే ఇంట్లో రెండు ఊళ్ళున్నట్లు ఉంటుంది. పేకముక్కలు తీస్తే నలుగురు మగవారు ఒక పక్కకు పోతారు. అంత్యాక్షరి పెడితే సినిమా పాటలు వచ్చినవారిదే రాజ్యం. అందులో మన పిల్లలు పాడేవి ఏ భాష పాటలో వేరే చెప్పనక్కరలేదు. తాత మొదలు మూడో తరగతి మనుమరాలి దాకా ఒకే చాప మీద కూర్చొని ఆడదగిన ఆట ఏదైనా ఉన్నదా అని వెదకగా మాకు దొరికినది ఈ బొమ్మల ఆట.

ఇది మన పాత ఆట కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో రాబర్ట్ ఏంజెల్ అనే యువకుడు స్నేహితులతో సరదాగా ఆడుతూ వచ్చిన ఆటను 1985లో పెట్టెలో పెట్టి అమ్మకానికి తెచ్చాడు. నిఘంటువు తెరచి ఒక మాట ఎంచుకోవడం, ఆ మాటను బొమ్మగా గీయడం, తక్కినవారు బొమ్మను చూచి మాట కనిపెట్టడం, ఇంతే సంగతి. బొమ్మకూ నిఘంటువుకూ ఇంగ్లీషులో ఉన్న పేర్లను అతికించి ‘పిక్షనరీ’ అని పేరు పెట్టారు. 2001లో అది మేటెల్ అనే ఆటవస్తువుల కంపెనీ చేతికి వచ్చింది. పెట్టెలో గళ్ళ అట్ట, పాచిక, మాటల చీట్లు, ఒక నిమిషపు ఇసుక గడియారం ఉంటాయి. కొనుక్కొనేవారు కొనుక్కోవచ్చు. మేము మాత్రం కొనలేదు. ఆ చీట్ల మీది మాటలు ఇంగ్లీషువి. మనకు కావలసినవి మన వంటింటివీ, పెరటివీ. ఒక పెద్ద పలక, సుద్దముక్కలు, తడిగుడ్డ, దోసెడు చింతగింజలు ఉంటే ఆట నడుస్తుంది. పలక లేకపోతే నేలే పలక.

ఎనిమిది మంది నుండి పన్నెండు మంది దాకా ఐతే ఆట బాగా సాగుతుంది. రెండు జట్లు చేయండి. పిల్లలందరినీ ఒక వైపు, పెద్దలందరినీ ఒక వైపు వేయకూడదు. ప్రతి జట్టులోను అరవై దాటినవారు ఒకరైనా, పదేళ్ళలోపువారు ఒకరైనా ఉండి తీరాలి. భార్యాభర్తలను వేరు జట్లలో వేయడం క్షేమం. ఒకే జట్టులో ఉంటే, “నేను గీసినది గుమ్మడికాయ అని కూడా తెలియలేదా?” అనే మాట వారం రోజుల దాకా ఇంట్లో నడుస్తుంది.

ఆట పెట్టేవారు ముందురోజే ఒక అరవై చీట్లు రాసి డబ్బాలో వేసుకోవాలి. ఇంటి సామాను, జంతువులు, చెట్లు, కాయలు, పనులు, పురాణ కథలు, సామెతలు, ఇట్లా అన్ని రకాలూ కలిపి రాయండి. జట్టులో ఒకరు లేచి చీటీ తీసి, అందులోని మాటను గీయాలి. గీసేవారు నోరు మెదపకూడదు, చేతులతో సైగ చేయకూడదు, ఏ భాషలోనూ అక్షరం గాని అంకె గాని రాయకూడదు. తల ఊపడం మాత్రం మేము ఒప్పుకొన్నాము. వ్యవధి ఒక నిమిషం. ఇసుక గడియారం లేదని విచారించనక్కరలేదు. పిల్లల చేతిలోని ఫోను ఆ పనికి వస్తుంది, ఆ కాసేపైనా దానికి వేరే పని ఉండదు. జట్టువారు నోటికి వచ్చిన మాటలన్నీ అనవచ్చు, తప్పు చెప్పినందుకు కోత లేదు. చెప్పగలిగితే చింతగింజలు. చెప్పలేకపోతే ఎదుటి జట్టుకు ఒకే ఒక్క అవకాశం. తరువాత వంతు వారిది. ప్రతి వంతుకూ గీసేవారు మారాలి; “నాకు రాదు” అని తప్పించుకోవడం కుదరదు. నాలుగైదు చీట్ల మీద నక్షత్రం గుర్తు పెట్టండి. ఆ చీటీ వచ్చినప్పుడు రెండు జట్ల నుండీ ఒక్కొక్కరు లేచి, అదే మాటను ఒకేసారి గీయాలి. ఇల్లు ఎగిరిపోయేటంత గోల లేచేది అప్పుడే.

బొమ్మలు బాగా వేసేవారు గెలుస్తారనుకొంటే పొరపాటు. చిత్రలేఖనం నేర్చిన మా కుర్రవాడొకడు నెమలికి ఒక్కొక్క ఈకా దిద్దుతూ ఉండగానే నిమిషం గడిచిపోయింది. ఆ వస్తువును తక్కినవాటి నుండి వేరు చేసేది ఏదో అది ముందు గీయాలి. గాడిదనూ గుర్రాన్నీ గీస్తే మనలో చాలామంది చేతిలో రెండూ ఒకటే; వీపు మీద బట్టల మూట వేస్తే గాడిద అయిపోతుంది. ఎద్దుకు మూపురం, గేదెకు వెనక్కు వంగిన కొమ్ములు చాలు. బొమ్మ పెద్దదిగా ఉండాలి. అర్థం కానప్పుడు ఆ గీతల మీదనే మళ్ళీ మళ్ళీ రుద్దక, తుడిచి వేరే బొమ్మ మొదలుపెట్టాలి. ఇది చెప్పినంత సులభం కాదు, అందరమూ రుద్దేవాళ్ళమే.

ఈ ఆటలో మమ్మల్ని ఆశ్చర్యపరచినవారు అవ్వలు. మా ఇంట ఒక అవ్వ, “నాకు బొమ్మలు రావు నాయనా, నేనేం బడికి పోయినానా?” అని దూరంగా కూర్చున్నది. పలక పక్కన పెట్టి, సుద్దముక్క చేతికిచ్చి, నేల చూపించాము. ఆమె చీటీలోని మాట చెవిలో విని, నాలుగు చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండా ఒక్క గీతలో దీపపు సెమ్మె గీసింది. పది సెకన్లు కూడా పట్టలేదు. డెబ్బై ఏళ్ళు వాకిట ముగ్గు వేసిన చేయి మరి! ఆ తరువాత ఆమెను ఏ జట్టులో వేసుకోవాలన్నదే పెద్ద తగాదా అయింది.

ఇక అసలు సంగతికి వస్తాము. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, చదవడం రాదు. యానాం వారికి ఈ చిక్కు తక్కువ, అక్కడ తెలుగే ఊరి భాష. తక్కిన చోట్ల బడి భాష వేరు. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠం అయింది. బెంగుళూరులో కన్నడమూ ఇంగ్లీషూ, బరంపురంలో ఒడియా, షోలాపురంలో మరాఠీ. పండుగనాడు ఎవరో పెద్దాయన ఒక తెలుగు పుస్తకం చేతికిచ్చి “ఏదీ, చదువు చూద్దాం” అంటే పిల్ల తల వంచుకొంటుంది. ఈ ఆటలో అక్షరమే నిషిద్ధం గనుక, చదువను వచ్చినవారికీ రానివారికీ తేడా లేదు. చీటీ చదవలేనివారికి మధ్యవర్తి చెవిలో చెబుతాడు. చిన్నపిల్లలకే గాక, కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చిన తాతలకు కూడా ఇదే పద్ధతి పెట్టాము. అందువల్ల చెవిలో చెప్పించుకోవడం ఎవరికీ చిన్నతనం కాలేదు.

కాని మొదటిసారి ఆడించినప్పుడు మేము ఒక తప్పు చేశాము. అది ఉగాది నాటి సాయంకాలం. తెలుగులో చెప్పిన సమాధానమే లెక్క అని గట్టిగా ప్రకటించాము. నక్షత్రపు చీటీ వచ్చింది. పలక మీద తొండం పడీ పడకముందే నాలుగో తరగతి పిల్ల ఒకతె “యానై!” అని అరిచింది. మధ్యవర్తి తప్పన్నాడు. ఒక్క క్షణం తరువాత ఎదుటి జట్టు పిల్లవాడు “ఏనుగు” అన్నాడు, గింజ వాడికి పోయింది. ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. కాసేపటికి కడుపునొప్పి అని తల్లితో చెప్పి వెళ్ళి పడుకొన్నది. ఆట ముగిసిన తరువాత పిల్ల అవ్వ వచ్చి మమ్మల్ని అడిగింది: “బొమ్మను ముందు గుర్తుపట్టింది మా పాప కదప్పా. తప్పని ఎట్ల అంటిరి? అది ఏనుగు కాదా?” మా దగ్గర జవాబు లేదు. తెలుగు మీది అభిమానంతో ఒక తెలుగు పిల్లను చాప మీద నుండి లేపి పంపించాము.

అప్పటి నుండి నియమం మార్చాము. తమిళంలో యానై అన్నా, కన్నడంలో ఆనె అన్నా, ఒడియాలో హాతీ అన్నా, మరాఠీలో హత్తీ అన్నా సమాధానం సరియైనదే. ఒక గింజ వస్తుంది. నిమిషం పూర్తయ్యేలోగా జట్టులో ఎవరైనా తెలుగు మాట కూడా చెబితే రెండో గింజ. ఈ రెండో గింజ కోసం పిల్లలు పక్కనున్న అవ్వ చెంగు పట్టి గుంజడం చూడవలసినదే. “అవ్వా, దీన్ని మనం ఏమంటాం? తొందరగా చెప్పు!” ఆ అవ్వ చెప్పిన మాటను పిల్ల బిగ్గరగా అరుస్తుంది. ఒకసారి అరిచి గింజ గెలుచుకొన్న మాట మరుసటి నెలలో ఎవరినీ అడగకుండానే నోటికి వచ్చింది. బస్సు, సైకిలు, ఫోను వంటివి తెలుగు మాటలేనా అని ఒక తగవు వచ్చింది. కుర్చీ, కిటికీ కూడా పైనుండి వచ్చినవే గనుక అన్నీ చెల్లుతాయని తీర్పు చెప్పాము. సైకిలుకు ‘ద్విచక్రి’ అని చెబితేనే గింజ ఇవ్వాలని ఒక పెద్దమనిషి పట్టుబట్టారు గాని, ఆయన వచ్చినది కూడా సైకిలు మీదనే కావడం వల్ల వాదం నిలవలేదు.

ఇంతకన్న పెద్ద తగవు తెలుగువారి మధ్యనే ఉన్నది. ఒకసారి చీటీలో ‘తిరగలి’ అని ఉన్నది. గీసినామె రెండు గుండ్రని రాళ్ళు, పైన పిడి చక్కగా గీసింది. షోలాపురం నుండి వచ్చిన చుట్టం వెంటనే “విసుర్రాయి!” అన్నది. నేతపని కోసం తెలంగాణం నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం వారిది. ఆ మాట వాళ్ళతోపాటే వెళ్ళి, ఇంకా వాళ్ళింట ఉన్నది. మధ్యవర్తి గోదావరి జిల్లా వంశం వాడు, చీటీలో లేదని గింజ ఇవ్వనన్నాడు. ఆ పూట అరగంట ఆట ఆగిపోయింది. ఎవరికీ విచారం కలగలేదు. చీపురు, పొరక; ఆనపకాయ, సొరకాయ; బొప్పాయి, పరంగి; వేరుసెనగలు, పల్లీలు, బుడ్డలు, చెనక్కాయలు, ఒక్కొక్కరి ఇంటి మాటా బయటికి వచ్చింది. ఏ తెలుగింట వాడే పేరైనా చెల్లుతుందని చివరకు తేల్చాము. చీటీ వెనుక ఆ రెండో పేరు కూడా రాసిపెట్టడం మా వాడుక అయింది.

పిల్లలు వేడెక్కిన తరువాత పురాణాలూ సామెతలూ తీయండి, ముందే తీస్తే బెదురుతారు. వీటికి రెండు నిమిషాలు ఇవ్వాలి. పెద్ద మీసాల మనిషి నోట్లోకి వరుసగా లడ్డూలు ఎగిరిపోతున్నట్లు గీస్తే, 1957 నాటి మాయాబజారు చిత్రం పేరు అన్ని వయసులవారూ చెబుతారు. ఏనుగు కాలిని మొసలి పట్టుకొన్నట్లు గీస్తే మా చెన్నపట్నపు పిల్లవాడు “వండలూరు జూ!” అన్నాడు. వాళ్ళ తాతకు ముందు కోపం, వెంటనే నవ్వు వచ్చాయి. ఆ వంతు ఆపించి, గజేంద్రమోక్షం కథ అక్కడే చెప్పారు. కుక్క తోక పట్టుకొని గోదారి ఈదడం గీయడానికి సులభం. గోరుచుట్టు మీద రోకటిపోటుకు ఒక వేలూ ఒక రోకలీ చాలు, చూచినవారికే నొప్పి పుడుతుంది. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నదానికి బురద, పాదం, చెంబు గీస్తే, ఎదుటివారు పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడగడం అని వాదించారు. ‘అలక’ అనే చీటీ వచ్చినప్పుడు ఒక కొత్తకోడలు మంచమూ, దాని మీద గోడవైపు తిరిగి పడుకొన్న మనిషినీ గీసింది. ఆమె భర్త ఎదుటి జట్టులో ఉండీ అందరికన్న ముందు చెప్పాడు.

మధ్యవర్తిగా కొంచెం వయసు మళ్ళినవారిని, ఆటలో గెలవాలనే కోరిక తీరినవారిని పెట్టుకోండి. గంటన్నరకు మించి ఆడకండి. పిల్లలు ఇంకా కావాలంటున్నప్పుడే తడిగుడ్డతో పలక తుడిచేస్తే, వచ్చే పండుగకు వాళ్ళే అడుగుతారు.

ఎవరూ చెప్పలేకపోయిన చీట్లను పారవేయకుండా మళ్ళీ డబ్బాలోనే వేస్తున్నాము. ‘కవ్వం’ అనే చీటీ మూడు పండుగలుగా అందులోనే ఉండిపోయింది. కుండలో నిలబెట్టిన కర్రను, దానికి చుట్టిన తాడును ఎవరు ఎట్లా గీసినా, పిల్లలు బొంగరం అంటున్నారు, గిలక బావి అంటున్నారు. కిందటిసారి ఒక పిల్లవాడు “జ్యూసు మిషను” అన్నాడు. దగ్గరకు వచ్చాడని అవ్వలందరూ ఒక్కసారిగా కేకలు వేశారు గాని, అంతలో నిమిషం అయిపోయింది.