మూగవోయిన ధ్వనివర్ధకము

విద్యార్థులారా! ఒక యంత్రము పనిచేయక నిలిచిపోయినప్పుడు మనము సామాన్యముగా రెండు తప్పులు చేయుదుము. యంత్రము చెడినదని తొందరపడి నిర్ణయించుట యొకటి. దానిని కడపట తాకినవానిని నిందించుట మఱియొకటి. ఈ రెండును నేనే చేసితిని గనుక, ఆ కథ చెప్పి, అందుండి నేర్చుకొన్న పరీక్షాక్రమమును మీకు వివరించెదను.

మా తరగతిలో ఆంగ్లోచ్చారణ పాఠములు వినుటకై యొక టాబ్లెట్టును, దానికి వెలుపల తగిలించెడి చిన్న ఆంప్లిఫయరును, అనగా ధ్వనివర్ధకమును, ఉంచితిమి. ఒకనాటి యుదయమున దాని దీపము వెలుగుచుండెను గాని హెడ్‌ఫోనులో శబ్దము లేదు. ముందునాటి సాయంకాలము దానిని సర్ది పెట్టెలో పెట్టిన బాలుని పిలిచి, "క్రింద పడవైచితివా?" యని యడిగితిని. వాడు "లేదండీ" యని తల వంచుకొనెను. నేను నమ్మలేదు.

పొలమునకు నీరు రానప్పుడు రైతు చెఱువే యెండినదని యనడు. కాలువ వెంబడి నడచి గండి యెచ్చట పడినదో చూచును. శబ్దమునకును అట్టి త్రోవ గలదు. పాఠము టాబ్లెట్టునుండి అంకెల రూపమున బయలుదేరి, ఓటీజీ అడాప్టరును, యు.ఎస్.బి. కేబులును దాటి ఆంప్లిఫయరును చేరును. అచ్చట నొక భాగము ఆ యంకెలను విద్యుత్తరంగములుగా మార్చును. వేఱొక భాగము ఆ తరంగములను బలపఱచి హెడ్‌ఫోనునకు పంపును. ఈ త్రోవను ఒక్కొక్క మెట్టుగా పరీక్షింపవలయును. ఒకసారి ఒక్కదానినే మార్చుడు; రెండింటిని ఒకేసారి మార్చినచో, బాగుపడినను, లోపమెందుండెనో తెలియదు.

మొదట వోల్యూమును తగ్గించుడు. శబ్దము రానప్పుడు మనము టాబ్లెట్టులోను, ఆంప్లిఫయరులోను దానిని తుదివఱకు పెంచి యుందుము. లోపము తొలగిన క్షణమున ధ్వని పిడుగువలె చెవులపై పడును. ప్రపంచారోగ్య సంస్థ సూచన ప్రకారము 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్‌లైనచో 4 గంటలే. యంత్రమును మార్చుకొనవచ్చును, చెవిని మార్చుకొనలేము.

పిమ్మట హెడ్‌ఫోనును వేఱొక సాధనమునకు తగిలించి వినుడు. దాని మొన రంధ్రములో పూర్తిగా దిగినదో లేదో చూడుడు. వాయిద్యములు వినబడుచు గాయకుని కంఠము మాత్రము మాయమైనచో, ఆ మొనలోని భూమితీగ స్పర్శ తప్పినదని యనుమానింపవచ్చును.

హెడ్‌ఫోను మంచిదైనచో, టాబ్లెట్టు ఆంప్లిఫయరును గుర్తించినదా యని విచారింపుడు. ధ్వని టాబ్లెట్టు స్వంత స్పీకరునుండియే వచ్చుచున్నచో గుర్తింపలేదన్నమాట. ఆండ్రాయిడ్‌లో యు.ఎస్.బి. ధ్వని సాధనములకు సదుపాయము 2014లో 5.0 సంచికతో వచ్చినది. అంతకు పూర్వపు పరికరములలో పలుమారు ఇది పనిచేయదు. కొన్ని ఫోనులలో ఓటీజీ యను మీటను సెట్టింగులలో వేయవలయును. మైక్రో యు.ఎస్.బి. రంధ్రము గల వానికి ఓటీజీ అడాప్టరే కావలయును. దానిలోని నాలుగవ స్పర్శ భూమితీగతో కలిసియుండి, "నీవే యజమానివి" యని టాబ్లెట్టునకు తెలుపును.

విద్యుచ్ఛక్తి చాలకపోవుటయు నొక కారణము. ఆంప్లిఫయరునకు స్వంత బ్యాటరీ లేనిచో టాబ్లెట్టే దానిని పోషింపవలయును. ఐఫోను, ఐప్యాడులలో అట్టి సమయమున ఆ సాధనము అధికశక్తిని కోరుచున్నదని తెరపై హెచ్చరిక కనబడును. స్వంత బ్యాటరీ గల ఆంప్లిఫయరుగాని, ఛార్జరును కూడ తగిలింపదగిన అడాప్టరుగాని దీనికి మందు.

శబ్దము వచ్చుచు, దానితో ఝుంకారము కూడ వచ్చినచో ఛార్జరును తీసి చూడుడు. ఆగినచో దోషము అచ్చటిదే. టపటపమని చప్పుడైనచో ఫోనును దూరముగా జరుపుడు. జి.ఎస్.ఎం. పద్ధతి ఫోను మాటలాడునప్పుడు సెకనునకు దాదాపు 217 మారులు రేడియో స్పందనములను వెలువరించును. దగ్గఱనున్న ఆంప్లిఫయరు వానిని గ్రహించి మన చెవికి వినిపించును.

ఇక మా యంత్రము మాట. హెడ్‌ఫోను మంచిదే, అడాప్టరు మంచిదే, శక్తియు చాలుచుండెను. మిగిలినది కేబులు. సామాన్యమైన యు.ఎస్.బి. కేబులులో నాలుగు తీగలు ప్రధానములు: రెండు శక్తికి, రెండు సమాచారమునకు. ఛార్జింగునకు మాత్రమే చేసిన కొన్ని కేబులులలో సమాచారపు తీగలుండవు. అట్టిదానితో దీపము వెలుగును, పాఠము మాత్రము రాదు. వేఱు కేబులు తగిలించిన తోడనే పాఠము స్పష్టముగా వినవచ్చెను.

ఆ కేబులు పెట్టెలోని కెట్లు వచ్చెను? ముందునాటి రాత్రి నా ఫోనును ఛార్జి చేయుటకై అసలు కేబులును తీసికొని, తెల్లవాఱి దానివలెనే యున్న వేఱొకదానిని అందు పెట్టినవాడను నేనే. యంత్రమును కడపట తాకినది ఆ బాలుడు కాడు. తరగతి యెదుట నా తప్పును చెప్పి, వానిని క్షమింపుమని వేడితిని. వాడు నవ్వి, "కేబులునకు గుర్తు పెట్టుదమండీ" యనెను.

నేడు మా అసలు కేబులు కొనకు ఎఱ్ఱదారము కట్టియున్నది. కట్టినవాడు ఆ బాలుడే.