ఇంజను నాడి

సికిందరాబాదు చెంతనున్న తిరుమలగిరిలో, 1943లో ఏర్పడిన ఇ.ఎం.ఇ. సైనిక దళమువారి ఇంజనీరింగు కళాశాల కలదు. సైన్యపు వాహనములను బాగుచేయు విద్యను అచట నేర్పుదురు.

ఇంజను లోపలి అరుగుదల కంటి కగపడదు. దానిని విప్పకయే తెలిసికొనుట ఎట్లు? వైద్యుడు రక్తమును పరీక్షించినట్లే, నిపుణుడు ఇంజను నూనెను పరీక్షించును.

క్రొత్త ఇంజనులో భాగములు ఒకదానితో నొకటి ఒరసికొని నునుపుదేరును. కావున మొదట కొంత లోహపు రజను నూనెలో చేరుట సహజము. నూనె మార్చిన పిదప అది తగ్గవలెను, పెరిగినచో అపాయసూచన.

నూనె ఫిల్టరును కోసి, లోని కాగితపు మడతలను విప్పి చూతురు. అయస్కాంతమున కంటుకొనునది ఇనుము. అది సిలిండరు గోడలనుండియో, పిస్టను రింగులనుండియో రాలియుండవచ్చును. అంటుకొనక తెల్లగా మెరయునది అల్యూమినియమైనచో పిస్టను అరుగుచున్నదేమో యని శంకింపవలెను. రాగివన్నె పొడి కనబడెనా, బేరింగు పైపొర అరిగి లోపొర బయటపడినదేమో చూడవలెను.

డ్రాగ్ పందెములో పరుగు సుమారు 402 మీటర్లే. కాని ఆ కొద్ది క్షణములలో ఇంజనుపై పడు భారము మిక్కుటము. బేరింగు బిగుసుకొనినచో ఇంజను బ్రద్దలై, నడుపువాని ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. బాలలారా! చిటికెడు రజనును ముందుగా గుర్తించుట ఒక ప్రాణమును కాపాడుటయే.