ముందు కట్టు, తరువాత లెక్క

హైదరాబాదు పాతబస్తీలో బీహారు నుండి గాజుల పనికి వచ్చినవారున్నారు, పాలమూరు నుండి కూలికి వచ్చినవారున్నారు. దాపునే బాలాపూర్‌లో, మయన్మారు నుండి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన రోహింగ్యాలు గుడిసెలలో బ్రతుకుచున్నారు. జబ్బు చేస్తే వీరందరికీ దిక్కు పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి, మూసీ వంతెన దాటితే ఉస్మానియా ఆసుపత్రి.

ఖర్చుతో కూడిన ఆపరేషను అనగానే కార్డు మాట వస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలను నిలబెట్టింది. కాని అది ఈ రాష్ట్రపు పేదల కొరకైనది. పొరుగు రాష్ట్రపు కూలికి ఇక్కడి రేషను కార్డు ఉండదు. రోహింగ్యాకు ఏ రాష్ట్రమూ స్వంతము కాదు.

"పడకలు మనవారికే చాలవు, పైవారికి డబ్బు పుచ్చుకోకుండా ఎందుకు చూడాలి?" అని కొందరందురు. పడకలు చాలవన్నది నిజమే. అయితే సబ్బుబిళ్ల కొన్న ప్రతి కూలీ పన్ను కట్టుచున్నాడు. పైగా, డబ్బుకు జడిసి ఇంట పడియున్న క్షయరోగి దగ్గు ఎవరి కార్డూ అడుగదు. నొప్పులు ముదిరాక వచ్చిన గర్భిణికి ప్రమాదమూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే.

ఈ సెగ మన తెలుగువారికీ తగిలినది. 2021 మే నెలలో, కోవిడు ఉధృతిలో, ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదుకు వచ్చు అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు వద్ద పోలీసులు ఆపారు. తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలను నిలిపివేసింది. అంతకు ముందే, ఢిల్లీలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో స్థానికులకే పెద్దపీట వేసిన ఉత్తర్వును 2018లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. అత్యవసర రోగికి సకాలములో వైద్యము అందించకపోవుట జీవించు హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది.

లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుని తలంచుకొందము. అతడు గాయపడినవాని ఊరు అడుగలేదు. మొదట గాయములు కట్టాడు. తరువాతనే పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనన్నాడు. లెక్క ఉన్నది. కాని ఆ లెక్క గాయపడినవాని నెత్తిన పడలేదు. అలాగే ఖర్చును రాష్ట్రములు తమలో తాము తేల్చుకొనవలెను. ఏ రాష్ట్రమూ లేనివారి భారమును దేశమంతా పంచుకొనవలెను. మంచము దగ్గర డాక్టరు డాక్టరుగానే ఉండవలెను గాని పోలీసు కాకూడదని మేము నమ్ముచున్నాము.

ప్రియ పాఠకులారా, పనికి పట్నము పోవు మన బిడ్డలచేత రేషను, ఆయుష్మాన్ కార్డులు వెంట తీసుకొనిపోనిండి. మన ఊరి ఇటుక బట్టీకి, పత్తి తీతకు వచ్చిన పరదేశికి జ్వరము వస్తే, సంఘములో ఒకరు అతనితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లండి. భాష తెలియనివానికి తోడే సగము మందు.