వేడెక్కితే మొరాయించే మ్యాగ్నెటో

జిదాఫ్స్ నుంచి సెలవులకు ఊరెళ్ళి, నాన్నగారి పాత బి.ఎస్.ఏ. ఎం20 దుమ్ము దులిపేవారి కోసం ఈ నాలుగు మాటలు.

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది, వేడెక్కగానే ఆగిపోతుంది, చల్లారితే మళ్ళీ స్టార్టవుతుంది. పాపం, అందరూ కార్బురేటర్‌నే తిడతారు! తూకానికి అమ్మేయకండి. ముందు పాయింట్లు తుడిచి, ఎడం 0.3 మిల్లీమీటరు ఉంచండి. అప్పటికీ అంతేనా? చాలాసార్లు దోషం ఆర్మేచర్‌లో దాగిన కండెన్సర్‌ది. తీగచుట్లకు పూసిన లక్క కూడా వేడికి మెత్తబడుతుంది.

ఆర్మేచర్ లాగేముందు కార్బన్ బ్రష్షులు, సేఫ్టీ స్క్రూ తీయించండి. మరిస్తే స్లిప్ రింగ్ పగులుతుంది. పాతకాలపు గుర్రపునాడా అయస్కాంతమైతే, ఆర్మేచర్ బయటికి రాగానే ధ్రువాల మధ్య ఇనుపముక్క పెట్టాలి. లేదంటే అయస్కాంతం బలహీనపడి, కొత్త కండెన్సర్ వేసినా స్పార్క్ సన్నగానే వస్తుంది.