సమాచారం ఉంది, వెతికితే దొరకదు: వెబ్‌సైట్లలో పీడీఎఫ్‌ల చిక్కు

చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కావలసిన సమాచారం చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే ఉంటోంది. ఓటర్ల జాబితాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, బడుల సర్క్యులర్లు, మన సంఘాల ఆహ్వానాలు, సావనీర్లు అన్నీ అక్కడే. కానీ వీటిలో చాలా భాగం పీడీఎఫ్ ఫైళ్లే. మామూలు వెబ్‌పేజీగా, అంటే హెచ్‌టీఎంఎల్‌లో పెట్టేవి తక్కువ. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. అవసరం పడినప్పుడే తేడా తెలుస్తుంది.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా కాగితం ఒకేలా రావాలన్నది దాని ఉద్దేశం. హాల్ టికెట్‌కు, పెళ్లి శుభలేఖకు అదే సరైనది. అయితే ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, చేతిలో ఫోను తెర దాదాపు 7. వెబ్‌పేజీలో అక్షరం పెద్దది చేస్తే వరుస దానంతట అదే సర్దుకుంటుంది. పీడీఎఫ్‌లో సాధారణంగా ఒక్కో వరుసకూ ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమకు జరుపుకుంటూ చదవాలి. చత్వారం వచ్చిన పెద్దలకు ఇది ఎంత అవస్థో చెప్పనక్కర్లేదు.

తెలుగు విషయంలో అసలు ఇబ్బంది మరొకటి ఉంది. మన సంఘాల సంచికలు చాలావరకు డీటీపీలో అను ఫాంట్లతో తయారైనవి. ఆ ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా, ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. అందులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. గూగుల్‌లో తెలుగులో వెతికితే ఆ సంచిక బయటపడదు. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌ల్లోనూ ఒక్కోసారి వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. పీడీఎఫ్‌లో ప్రధానంగా ఉండేది ఏ అక్షరం ఆకారం కాగితంమీద ఎక్కడ పడాలన్న వివరం కాబట్టి ఇలా జరుగుతుంది.

ఇది మన ఇళ్లకు మరీ ముఖ్యం. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు చెన్నైలో ఎందరో ఉన్నారు. యూనికోడ్‌లో ఉన్న వెబ్‌పేజీని ఫోను తెలుగులోనే చదివి వినిపిస్తుంది, తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చి చూపిస్తుంది. అను ఫాంట్ల పీడీఎఫ్ ఇచ్చి ఆ పని చేయమంటే దానికి చేతకాదు. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కూ అంతే.

ఇక ఓటర్ల జాబితా. 2018లో కమల్‌నాథ్ మధ్యప్రదేశ్ ముసాయిదా జాబితాను వెతకడానికి వీలయ్యే టెక్స్ట్ రూపంలో ఇవ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఓటర్ల వివరాలు దుర్వినియోగం కాకూడదన్నది ఎన్నికల సంఘం వాదన. కోర్టు ఆ అక్టోబరులో పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ జాగ్రత్తలో అర్థముంది. కానీ దాని భారం పడేది మామూలు ఓటరు మీదే. 2025 చివర తమిళనాడులో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణలో 2002, 2005 నాటి జాబితాల వివరాలు అడిగారు. ముసాయిదాలో 97 లక్షలకు పైగా పేర్లు లేకుండా పోయాయి. పేరుతో వెతికే సదుపాయం ఉన్నా, స్పెల్లింగు కలవకపోతే చివరికి పీడీఎఫ్ పేజీలు తిప్పాల్సిందే. తమిళ లిపిలో క, గ ఒకటే, ప, భ ఒకటే. పైగా మన ఇంటిపేరు ఒకచోట ఇనీషియల్‌గా ఉంటే మరోచోట అసలు ఉండదు. ఒక్కో భాగంలో వందల పేర్లు. ఈ పని ఓపికతో చేయవలసిందే తప్ప దగ్గరిదారి లేదు.

ప్రభుత్వం తీరు మార్చడం మన చేతిలో లేకపోయినా, మన సంఘాల తీరు మన చేతిలోనే ఉంది. సభ తేదీ, వేదిక, స్కాలర్‌షిప్పు దరఖాస్తు గడువు వంటివి వెబ్‌పేజీలో నాలుగు వరుసలుగా యూనికోడ్‌లో టైపు చేస్తే చాలు. రంగుల కరపత్రం పీడీఎఫ్‌ను కింద జతచేయవచ్చు. పాత సావనీర్లలో కనీసం విషయసూచికనైనా టైపు చేయిస్తే, అందులో తాతగారి వ్యాసం ఉందని మనవడికి తెలిసే వీలుంటుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అయితే మార్చాక వత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. స్కాన్ చేసిన బొమ్మ పీడీఎఫ్ ఎదురైతే గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీయవచ్చు. పేర్లు, తేదీలు మాత్రం అసలుతో పోల్చి చూసుకోండి.