వందమంది మనసులోని మాట

అమెరికాలో 1976 జూలై 12న ఏబీసీ చానల్‌లో మొదలైన 'ఫ్యామిలీ ఫ్యూడ్' ఆట, మధ్యలో ఆగినా మళ్ళీ లేచి నిలబడింది. రూపకర్త మార్క్ గుడ్సన్, తొలి వ్యాఖ్యాత రిచర్డ్ డాసన్. 2010 నుంచి స్టీవ్ హార్వే నడుపుతున్నారు.

ఐదుగురు చొప్పున రెండు కుటుంబాలు పోటీపడతాయి. ముందే వందమందిని అడిగి రాబట్టిన జవాబులను ఊహించాలి. ఎక్కువమంది చెప్పినదానికే ఎక్కువ మార్కులు. మూడు తప్పులైతే అవకాశం అవతలివారిది.

ఇక్కడ పుస్తకంలోని జవాబు కాదు, నలుగురి నోటి మాట గెలుస్తుంది. అందుకే డిగ్రీలున్నవాడు ఓడొచ్చు, బడి మెట్లెక్కని అమ్మమ్మ గెలవొచ్చు. అదే దాని ఆకర్షణ.

పరీక్షల్లో వెనుకబడ్డ మన మిత్రుడూ ఇందులో ముందుండొచ్చు. వార్షికోత్సవం నాడు మనమూ ఆడదాం. "హాస్టల్లో తొలిరాత్రి ఎవరు గుర్తొచ్చారు?" అని వందమందిని అడుగుదాం. మొదటి జవాబు నేను చెప్పనక్కర్లేదు!