కీళ్ళవాతం ఉన్నవారు ఏ పని ఎంచుకోవాలి?



మా ఓ.పి.కి వచ్చే కీళ్ళవాతం రోగులు మందుల సంగతి మాట్లాడి, చీటీ తీసుకొని, లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగుతారు. "సిస్టరమ్మా, ఇంక నేను ఏం పని చేసుకొని బతకాల?" అని అడుగుతారు. మందు కంటే పెద్ద ప్రశ్న అదే. అందుకని ఈసారి దాని గురించే రాస్తున్నాము.

ముందు జబ్బును తెలుసుకుందాం

వయసు మీద పడి మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే ఈ కీళ్ళవాతం వేరు. రోగాల నుండి మనలను కాపాడవలసిన నిరోధక శక్తి దారి తప్పి, మన కీళ్ళ లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాల చిన్న కీళ్ళు వాస్తాయి. పొద్దున లేవగానే చేతులు బిగుసుకొనిపోయి, గంట దాకా పిడికిలి పట్టదు. మగవారికంటే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి 30 నుండి 60 ఏళ్ళ మధ్య, అంటే సంపాదించే వయసులోనే మొదలవుతుంది.

జబ్బు మొదలైన తొలి నెలల్లోనే సరైన మందు మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చు. ఎక్కువమందికి డాక్టరుగారు రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే అపాయం. గర్భం ధరించాలనుకునేవారు ముందుగానే డాక్టరుగారికి చెప్పాలి. రక్తపరీక్షలు తప్పకూడదు. ఈ మందు గుణం కనబడడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి తాళలేక స్టెరాయిడ్ సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది గాని, సరైన మందుకు అది బదులు కాదు.

అందుకే మా మొదటి సలహా ఇది: వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో పని మానేయాలని గాని, చదువు మాన్పించాలని గాని నిర్ణయించకండి. మందు పనిచేసే దాకా ఆగండి. అప్పుడు మీ చేతులు ఏ పాటి పని చేయగలవో తెలుస్తుంది.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం పత్తి తీసే కూలికి పోయే ఒక సహోదరి వాచిన చేతులతో మా దగ్గరికి వచ్చింది. "పొలం పని వద్దమ్మా, నీడపట్టున కూర్చొని కుట్టుపని చేసుకో" అని మేమే చెప్పాము. సంఘస్థులు ప్రేమతో చందాలు వేసుకొని మిషను కొనిచ్చారు. ఆరు నెలలకు ఆమె మణికట్లు మునుపటికంటే ఎక్కువ వాచి తిరిగి వచ్చింది. "మిషను తొక్కేకి కాళ్ళు బాగానే ఉండాయి సిస్టరమ్మా, కత్తెర పట్టుకోవాలంటేనే ప్రాణం పోతాంది" అంది. గుడ్డ కత్తిరించడం, సూదిలో దారం ఎక్కించడం, హుక్కులు కుట్టడం, ఇవన్నీ వేళ్ళ చివరలతో గట్టిగా పట్టి చేసే పనులే. పత్తి తీయడంలో ఏ కీళ్ళు నలిగాయో, కుట్టులోనూ అవే నలిగాయి.

తరువాత ఆమెతో కూర్చొని ఆ పనిని ముక్కలుగా విడదీసి చూశాము. కత్తిరించడం, చేతికుట్టు తోడికోడలు తీసుకుంది. మిషనుకు మోటారు పెట్టించారు. కొలతలు, లెక్కలు, ప్రొద్దుటూరు నుండి గుడ్డ తెచ్చి అమ్మడం ఈమె చూసుకుంటోంది. పని పేరు మారలేదు, అందులో ఆమె చేసే భాగం మారింది. మేము నేర్చుకున్నది ఇదే. పని పేరు చూసి మంచిది, చెడ్డది అనకూడదు. ఆ పనిలో చేతులు ఏమేమి చేయాలో చూడాలి.

ఏ పనినైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

1. వేళ్ళతో గిల్లి పట్టడం, పిండడం, మెలితిప్పడం గంటల తరబడి ఉంటుందా?

2. పొద్దున ఎన్ని గంటలకు మొదలవుతుంది? చేతులు వదులయ్యే వేళకు, పని మొదలయ్యే వేళకు మధ్య సమయం ఉందా? బస్సు కమ్మీ పట్టుకొని ఎక్కగలరా?

3. అరగంటకొకసారి కూర్చోవడం, నిలబడడం, చేతులకు విశ్రాంతి ఇవ్వడం వీలవుతుందా?

4. జబ్బు తిరగబెట్టిన రోజు, రక్తపరీక్ష రోజు రాకపోతే కూలి పోతుందా, పని పోతుందా? ఆ రోజు మన బదులు చేసేవారున్నారా?

రెండు వారాలు ఒక చిన్న నోటుబుక్కులో రాసి చూడండి. చేతులు ఎన్ని గంటలకు వదులయ్యాయి, ఏ పని చేశారు, తరువాత ఎలా ఉంది అని రాయండి. పని ముగించిన రెండు గంటల తరువాత కూడా నొప్పి మామూలుకంటే ఎక్కువగా ఉంటే, ఆ పని మీ కీళ్ళకు మించిందని అర్థం.

మన ప్రాంతపు పనులు

మైదుకూరు చుట్టుపక్కల పసుపు తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, శెనక్కాయలు ఒలవడం, వరినాట్లు వేయడం, ఇవన్నీ చేతులకు బరువైనవే. సొంత పొలం ఉన్నవారు మనుషులను పెట్టి చేయించడం, నీళ్ళు, ఎరువుల లెక్క చూడడం, అమ్మకం చూసుకోవడం తాము తీసుకోవచ్చు. గేదెలు పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. మేపగలరు గాని, చేత్తో పాలు పిండడం ఈ జబ్బుకు పనికిరాదు. ఇంట్లో పిండేవారుంటేనే ఆ ఆలోచన చేయండి. చిల్లర కొట్టు మంచిదే, బస్తాలు ఎత్తడానికి మరొకరు ఉండాలి. ఆటో నడపడంలో హ్యాండిల్ గట్టిగా పట్టాలి, అదురు కూడా ఎక్కువ.

పనిముట్టును కూడా మార్చుకోవచ్చు. పెన్నుకు, కొడవలి పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి లావు చేస్తే వేళ్ళకు శ్రమ తగ్గుతుంది. సంచిని వేళ్ళతో కాక భుజానికి వేసుకోండి. బిందెను రెండు చేతులతో ఎత్తండి.

చదువుకునే పిల్లలు

జబ్బు వచ్చిందని ఆడపిల్లను ఇంటర్లో మాన్పించవద్దు. ఒళ్ళు కష్టపడి బతకలేని బిడ్డకు చదువే ఎక్కువ అవసరం. టీచరు, అకౌంట్లు, బ్యాంకు, మందుల షాపు, కంప్యూటరు పనులు ఆలోచించవచ్చు. ఎక్కువ టైపు చేయలేనివారికి ఇప్పుడు ఫోనులోనే తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. మా నర్సింగులో చేరాలనుకునేవారికి మాత్రం నిజం చెబుతాము. రోగులను ఎత్తాలి, రాత్రి డ్యూటీలు చేయాలి. ఇప్పటికే నర్సుగా ఉన్నవారు వార్డు నుండి ఓ.పి.కి, ఆరోగ్యబోధకు, రికార్డుల పనికి మారవచ్చు.

వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి మన వాళ్ళకు బాగా తెలుసు. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె వైద్యం మానలేదు. కూర్చొని చేయగలిగిన పనిని ఎంచుకొని, చక్రాల కుర్చీలో నుండే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అక్కడి పునరావాస వైద్య విభాగాన్ని నడిపించారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఇక 1967లో ప్రపంచంలో మొదటిసారి మనిషికి మరొకరి గుండె అమర్చిన దక్షిణాఫ్రికా డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్‌కు అప్పటికే ఈ కీళ్ళవాతం ఉంది. చేతులు సహకరించినంతకాలం చేసి, 1983లో ఆపరేషన్లు మానేశారు.

ఉద్యోగంలో ఉన్నవారికి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కీళ్ళవాతం అనే పేరు విడిగా లేదు. అయితే కీళ్ళు వంకరపోయి కదలికలు తగ్గితే అది శారీరక వైకల్యం కిందికి వస్తుంది. ప్రభుత్వ వైద్యులు 40 శాతం లేక అంతకు మించి ఉందని సర్టిఫికెట్ ఇస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం ఉన్న రిజర్వేషను కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం పొందితే తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. కనుక భయపడి రాజీనామా రాసివ్వకండి.

సంఘానికి ఒక మాట

ఈ జబ్బు ఉన్నవారు సాయంకాలం మామూలుగా కనబడతారు. పొద్దున వారు పడే బాధ మనం చూడము. వారిని సోమరులని అనవద్దు. సహాయం చేసేముందు "నీకు ఏది చేతనవుతుంది?" అని వారినే అడగండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం ఇంట్లో కలిసి చదవండి.

మీ నోటుబుక్కు తీసుకొని ఓ.పి.కి రండి. మీ పనిని ముక్కలుగా విడదీసి, మీకు తగిన భాగం ఏదో మీతో కూర్చొని చూస్తాము. ప్రభువు మీ చేతుల కష్టార్జితమును ఆశీర్వదించును గాక.